మాక్రోలు రాసే అబ్బాయిని డేటా సైన్స్‌లో చేర్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీకాం చదివి హైదరాబాద్‌లో ఒక బ్యాక్ ఆఫీసులో చేరాడు. బిల్లుల టెక్స్ట్ ఫైళ్ల నుంచి నంబరు, తేదీ, మొత్తం ఏరి ఎక్సెల్‌లో పెట్టడం అతని పని. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో ఏవో మాక్రోలు పెట్టి రోజు పనిని గంటలో ముగిస్తున్నానంటాడు. పీఎఫ్ డబ్బు తీసి రెండున్నర లక్షల డేటా సైన్స్ కోర్సులో చేర్పించాలా, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటే చాలా? — ఒక తండ్రి

జవాబు: కోర్సు పేరు మారుతుందే తప్ప ఈ ప్రశ్న ఏటా నా దగ్గరకు వస్తూనే ఉంటుంది, దాని అడుగున ఉన్నది, బీకాం చదివినవాడు జీవితాంతం గుమాస్తాగానే ఉండిపోతాడేమోనన్న దిగులు. మీ అబ్బాయి విషయంలో ఆ దిగులు అక్కరలేదని నేననుకోవడానికి కారణం మీరు ‘ఏవో’ అని తీసిపారేసిన ఆ మాక్రోలే.

నొక్కిన కీలను వరుసగా గుర్తుంచుకుని మళ్లీ నొక్కడమే మాక్రో చేసే పని. 1976 నాటి ఈమ్యాక్స్ ఎడిటర్ పేరులోనే ‘ఎడిటింగ్ మాక్రోస్’ అన్న మాటలు ఇమిడి ఉన్నాయి కనుక ఇది కొత్తగా పుట్టిన చిట్కా ఏమీ కాదు. హోమ్ కీతో వరుస మొదటికి వచ్చి, అక్కరలేని వరుసలు తొలగించి, కర్సర్‌ను సరిగ్గా తర్వాతి బిల్లు మొదట్లో ఆపితేనే అది ఫైలు చివరి వరకు నడుస్తుంది. అంటే బిల్లులన్నింటిలో మారనిదేదో, మారేదేదో అతను ముందే పట్టుకున్నాడన్నమాట. ప్రోగ్రామింగ్‌లో కష్టమైన భాగం అదే. అయితే ఒక్క బిల్లులో డిస్కౌంటు వరుస అదనంగా వచ్చినా మాక్రో లెక్క తప్పి, ఒకదాని గడిలో ఇంకొకటి నింపుకుంటూ పోతుంది, తప్పు జరిగిందని చెప్పదు కూడా. అందుకే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు నేర్చుకోవాలి. అవి వరుసలు లెక్కపెట్టకుండా ఆకారాన్ని బట్టి, ఉదాహరణకు పిన్‌కోడ్‌ను ఆరంకెల గుంపుగా, వెతుకుతాయి. అతను వాడే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లోనే వాటిని నేర్చుకోవచ్చు, అక్కడ నేర్చుకున్నవి దాదాపుగా పైథాన్‌లోనూ పనికివస్తాయి. ఒక్కసారి చేసే పనికి మాక్రో చాలు, ప్రతి నెలా వందల ఫైళ్లు వచ్చేచోట పైథాన్ కావాలి.

డేటా సైన్స్ కోర్సుల మీద నాకు అనుమానాలున్నాయి. ఆరు నెలల కోర్సు ముగించి నా ఎదుట కూర్చున్నవారిలో కొందరు, తేదీలు మూడు రకాలుగా ఉన్న ఫైలును సరిచేయమంటే తెల్లముఖం వేశారు. గణాంకశాస్త్రంలో పట్టు లేకుండా మోడళ్ల పేర్లు వల్లించినంత మాత్రాన ఉద్యోగం రాదు. ‘ప్లేస్‌మెంట్ సహాయం’ అన్న మాటలో హామీ లేదు. పీఎఫ్ తీయడానికి సిద్ధపడిన మీరు, ఆ మాక్రో ఎలా నడుస్తుందో చూపించమని అబ్బాయిని ఒక్కసారైనా అడిగారా?

ఈ ఆదివారం అడగండి. డబ్బు అక్కడే ఉండనివ్వండి. ఆఫీసు ఫైళ్లను ఇంటికి తీసుకురాకుండా, తాను తయారుచేసుకున్న నమూనా బిల్లులతో ఆరు నెలలు సాధన చేయమనండి. ఎన్ని బిల్లులు ఇచ్చాడో, ఎక్సెల్‌లో ఎన్ని వరుసలు వచ్చాయో మొదటి రోజు నుంచే సరిచూసుకోమనండి.