పాత ఉక్కు టూరింగ్ ఫ్రేమ్ కొనేవారు పేరు కన్నా ముందు చూడవలసినవి

ఒకే ఫ్రేమ్ మీద ఒకసారి దూరప్రయాణానికి, మరోసారి బరువులు మోయడానికి, ఇంకోసారి రోజువారీ రాకపోకలకు వీలుగా సైకిల్‌ను మార్చి మార్చి కట్టుకోవాలని ఉందనీ, అందుకు పాతకాలపు ఉక్కు టూరింగ్ (సామానుతో దూరప్రయాణాలకు చేసిన) ఫ్రేముల్లో ఏ పేరు కోసం వెతకాలనీ మీరు అడిగారు. నేను పన్నెండేళ్లుగా ఇలాంటి ఫ్రేమ్ ఒకటి వాడుతున్నాను. దానికి ముందు రెండు ఫ్రేములు కొని నష్టపోయాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, పేరు చూడడాన్ని ఆఖరున పెట్టుకోండి. ఒక ఫ్రేమ్ ఎన్ని రకాలుగా పనికివస్తుందన్నది అందులోని ఖాళీలను, కొలతలను, మరలను బట్టి ఉంటుంది.

అలాగని పేర్లు బొత్తిగా అక్కరలేదని అనను. 1976లో వేలమంది సైకిళ్ల మీద అమెరికాను ఒక తీరం నుంచి మరో తీరానికి దాటడానికి బయలుదేరిన బైక్‌సెంటెనియల్ యాత్ర తర్వాత, సామాను కట్టుకుని వారాల తరబడి తొక్కే సైకిళ్ల మీద ఆసక్తి బాగా పెరిగింది. 1980లలో అమ్ముడైన ట్రెక్ 520, 720, మియాటా 610, 1000, స్పెషలైజ్డ్ ఎక్స్‌పెడిషన్, ఇంగ్లండు నుంచి వచ్చిన డాస్ గెలాక్సీ ఈ కోవలోవే. ఇవి నిజంగా మంచి ఫ్రేములు. అయితే వెతికేవారందరికీ ఈ పేర్లే తెలుసు కనుక ధర కూడా అందుకు తగ్గట్టే పలుకుతుంది. అదే కాలంలో జపాను కర్మాగారాల్లో దాదాపు అదే తరహా గొట్టాలతో తయారై, ఇప్పుడు ఎవరికీ పెద్దగా గుర్తులేని పేర్లతో అమ్ముడైన ఫ్రేములు చాలా ఉన్నాయి. నేను ఇన్నేళ్లుగా తొక్కుతున్నది అలాంటిదే.

ఇక గొట్టాల సంగతి. రెనాల్డ్స్ 531 అనే మాంగనీస్ మాలిబ్డినమ్ ఉక్కు 1935లో వచ్చింది. టాంగే, ఇషివాటా, కొలంబస్ వారి క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినమ్ కలిపిన ఉక్కు) గొట్టాలు దానికి ఏమాత్రం తీసిపోవు. వీటిలో మేలైనవి బటెడ్ గొట్టాలు, అంటే అతుకు పడే కొసల దగ్గర గోడ మందంగా, మధ్యలో పలుచగా ఉండేవి. అతుకు వేసేటప్పుడు తగిలే వేడిని, తొక్కేటప్పుడు పడే ఒత్తిడిని ఆ మందం తట్టుకుంటుంది, మధ్య పలుచదనం బరువు తగ్గిస్తుంది. గొట్టం రకం చెప్పే స్టిక్కరును మాత్రం పూర్తిగా నమ్మకండి. దాన్ని ఎవరైనా కొని అంటించవచ్చు. పైగా కొన్ని స్టిక్కర్ల మీద, ఆ ఉక్కు మూడు ప్రధాన గొట్టాలకు మాత్రమే వర్తిస్తుందని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. దీనికన్నా నమ్మదగిన ఆనవాలు సీటు పోస్టు (సీటును మోస్తూ సీటు గొట్టంలోకి దిగే కడ్డీ) వ్యాసం. ఈ ఫ్రేముల్లో సీటు గొట్టం బయటి వ్యాసం సాధారణంగా 28.6 మి.మీ. ఉంటుంది. అందులో 27.2 మి.మీ. పోస్టు సరిగ్గా పడితే గోడ మందం సుమారు 0.7 మి.మీ. మాత్రమే అన్నమాట, అది మేలురకం గొట్టానికి గుర్తు. 26.8 పడినా బరువు మోసే సైకిల్‌కు మంచిదే. 25.4 పడితే మాత్రం అది మందపాటి మామూలు గొట్టం.

నేను మొదట కొన్న ఫ్రేమ్ మీది 531 స్టిక్కరు అసలైనదే, పోస్టు కూడా 27.2 మి.మీ. కొత్తగా రంగు వేయించి ఉంది. ఫోటోలు చూసి డబ్బు పంపేశాను. ఇంటికి వచ్చాక తడిగుడ్డతో తుడుస్తుంటే, హెడ్ ట్యూబుకు (ముందు చక్రాన్ని పట్టే ఫోర్క్ తిరిగే పొట్టి గొట్టం) రెండు మూడు అంగుళాల వెనుక, డౌన్ ట్యూబు (అక్కడి నుంచి పెడళ్ల వైపు దిగే గొట్టం) అడుగున నా చూపుడువేలికి ఏదో తగిలి ఆగింది. కంటికి ఏమీ కనిపించలేదు. టార్చి వెలుతురు పక్క నుంచి ఏటవాలుగా వేసి చూస్తే, కొత్త రంగు కింద గోరు మందాన సన్నని ముడత ఒకటి గొట్టాన్ని సగం చుట్టి ఉంది. ఆ సైకిల్ ఎప్పుడో దేనికో ఎదురుగా గుద్దుకుంది. అలాంటి దెబ్బకు ఫోర్క్ వెనక్కి వంగుతుంది, గొట్టం మందపాటి కొస ముగిసి పలుచదనం మొదలయ్యే చోటికి దగ్గరలో ముడత పడుతుంది. బరువు కట్టుకుని కొండ దిగేటప్పుడు అలాంటి ఫ్రేమ్ మీద కూర్చోవడం ప్రాణంతో చెలగాటం. అందుకే ఏ ఫ్రేమ్ చూడడానికి వెళ్లినా నేను మొదట చేసే పని, కళ్లు మూసుకుని ఆ చోట, టాప్ ట్యూబు (పైనుండే అడ్డ గొట్టం) అడుగున కూడా, వేలితో మెల్లగా నిమిరి చూడడం. ముడత తగిలితే ఎంత గొప్ప పేరున్నా వదిలేసి వచ్చేస్తాను.

రెండో పరీక్షకు దారం చాలు. వెనుక డ్రాపౌట్‌కు, అంటే చక్రం ఇరుసు కూర్చునే గాడికి, దారం కట్టి, దాన్ని ముందుకు తీసుకెళ్లి హెడ్ ట్యూబు చుట్టూ తిప్పి, రెండో పక్క డ్రాపౌట్‌లో సరిగ్గా అదే చోట బిగించి కట్టండి. దారానికీ సీటు గొట్టానికీ మధ్య దూరాన్ని రెండు వైపులా కొలవండి. తేడా ఒక మిల్లీమీటరు, మహా అయితే రెండు ఉండవచ్చు. అంతకు మించితే వెనుక భాగం ఒక పక్కకు ఒరిగిందని అర్థం. ఉక్కు కనుక దాన్ని సరిచేయవచ్చు గానీ, ఆ పని తెలిసిన చేయి దొరకాలి.

ఇన్ని రకాలుగా వాడుకోవాలనుకుంటున్నారు కనుక మీకు అన్నిటికన్నా ముఖ్యమైన కొలత చైన్‌స్టే పొడవు. పెడల్ ఇరుసు మధ్య నుంచి వెనుక చక్రం ఇరుసు మధ్య వరకు కొలిస్తే కనీసం 44 సెం.మీ. ఉండాలి, 45 ఉంటే ఇంకా హాయి. అంతకు తగ్గితే వెనుక క్యారియర్‌కు సంచులు తగిలించినప్పుడు తొక్కిన ప్రతిసారీ మడమ సంచికి కొట్టుకుంటుంది, పెద్ద టైరుకూ మడ్‌గార్డుకూ కలిపి చోటు చాలదు. తర్వాత బ్రేకులు. ఫ్రేముకూ ఫోర్క్‌కూ కాంటిలీవర్ బ్రేకుల (రిమ్ముకు రెండు పక్కలా విడివిడి చేతులతో పట్టేవి) బొడిపెలు అతికించి ఉన్నవే తీసుకోండి, 35, 38 మి.మీ. టైర్లకు దారి ఇచ్చేవి చాలావరకు అవే. ఆ కాలపు ఫ్రేముల్లో చాలావాటిని 27 అంగుళాల చక్రాలకు చేశారు. వాటి రిమ్ము వ్యాసం 630 మి.మీ., ఇప్పటి 700 సి రిమ్ముది 622. చక్రం మారిస్తే బ్రేకు రబ్బర్లు 4 మి.మీ. కిందికి దిగాలి. చాలా కాంటిలీవర్ బ్రేకుల్లో రబ్బరు జరిగే గాడి ఆ మాత్రం వీలు ఇస్తుంది, అయినా కొనే ముందు ఒక 700 సి చక్రం పెట్టి చూసుకోవడం మంచిది. 4 మిల్లీమీటర్ల గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఆ మార్పుతో టైరు పైన అంతే అదనపు ఖాళీ దొరుకుతుంది, నా ఫ్రేములో మడ్‌గార్డు పట్టింది ఆ ఖాళీలోనే.

వెనుక డ్రాపౌట్ల మధ్య దూరం అయిదు గేర్ల కాలంలో 120, ఆరు, ఏడు గేర్ల కాలంలో 126 మి.మీ. ఉండేది. ఆ తర్వాత వచ్చిన, ఇలాంటి ఫ్రేములకు పట్టే హబ్బులు (చక్రం నడిమి భాగాలు) 130, 135. 126 ఉన్న ఫ్రేములో 130 హబ్బు పెట్టాలంటే ఒక్కో పక్క రెండు మిల్లీమీటర్లు విచ్చుకుంటే చాలు, అది చేత్తో అయ్యే పని. 120ని 135కు విప్పాలంటే మాత్రం ఫ్రేమ్‌ను శాశ్వతంగా వంచి, డ్రాపౌట్లను మళ్లీ ఒకదానికొకటి సమాంతరంగా తేవాలి, లేకపోతే ఇరుసు విరగవచ్చు. డ్రాపౌట్ గాడి అడ్డంగా పొడవుగా ఉంటే చైన్‌ను లాగి బిగించుకోవచ్చు కనుక ఒకే గేరుతోనో, హబ్బు లోపల గేర్లుండే చక్రంతోనో కూడా సైకిల్ కట్టుకోవచ్చు. నిలువు గాడి ఉన్నవాటికి ఆ వీలు తక్కువ. బాటమ్ బ్రాకెట్‌కు (పెడల్ ఇరుసు తిరిగే గూడు) 68 మి.మీ. వెడల్పుతో ఇంగ్లీషు మర (బేరింగు బిగించే చుట్ల కొలత) ఉన్న ఫ్రేమ్ అయితే కొత్త బేరింగు సులభంగా దొరుకుతుంది. ఫ్రెంచి మర ఉన్న ఫ్రేములు అందంగా ఉన్నా, విడిభాగాల వేటలో చాలా కాలం పోతుంది.

నేను కొన్న రెండో ఫ్రేమ్ ఈ కొలతలన్నిటిలో నెగ్గింది గానీ సీటు పోస్టు కదలలేదు. అల్యూమినియం పోస్టు ఏళ్ల తరబడి తేమలో ఉక్కు గొట్టానికి పట్టేసింది. నూనె వేసి మూడు వారాలు ఎదురుచూసి, చివరికి పోస్టును లోపలి నుంచి రంపంతో కోస్తుండగా గొట్టం చీలింది. కాబట్టి పోస్టును, హ్యాండిల్‌ను ఫ్రేముకు పట్టే స్టెమ్‌ను కదిలించి చూపమని అడగండి. పై పైన కనిపించే తుప్పుకు భయపడనక్కరలేదు. బాటమ్ బ్రాకెట్ గూడు లోపల ఎలా ఉందో టార్చితో చూడండి, ఎందుకంటే నీరు దిగి నిలిచేది అక్కడే.

ఇప్పుడు నా దగ్గరున్న ఫ్రేమ్ మీద ఇప్పటికి నాలుగు రకాలుగా సైకిల్ కట్టాను. మొదట వంపు హ్యాండిల్, మూడు పళ్లచక్రాలతో దూరప్రయాణాలకు, తర్వాత తిన్నని హ్యాండిల్, ముందూ వెనుకా క్యారియర్లతో సామాన్లకు, రెండేళ్ల పాటు మూడు గేర్ల హబ్బుతో రోజూ పనికి, ఇప్పుడు 38 మి.మీ. టైర్లతో కంకర దారులకు. ప్రతిసారీ మారినవి చక్రాలు, హ్యాండిల్, గేర్లు మాత్రమే. డ్రాపౌట్ల దగ్గర రెండేసి చొప్పున, ఫోర్క్ మధ్యలో ఒక్కో జత చొప్పున బోల్టు రంధ్రాలు ఉండడం వల్లనే క్యారియర్, మడ్‌గార్డు రెండూ ఒకేసారి పట్టాయి. మీ ఎత్తుకు తగిన టూరింగ్ ఫ్రేమ్ దొరకకపోతే, 1980ల చివర వచ్చిన సస్పెన్షన్ లేని ఉక్కు మౌంటెన్ సైకిళ్లను కూడా చూడండి. వాటి చక్రాలు 26 అంగుళాలవే అయినా చైన్‌స్టే పొడవు, టైరు ఖాళీ, బోల్టు రంధ్రాలు చాలావాటిలో బాగుంటాయి.

ఏదైనా ఫ్రేమ్ మీ కంటపడితే చైన్‌స్టే పొడవు, వెనుక డ్రాపౌట్ల మధ్య దూరం, సీటు పోస్టు వ్యాసం ఇక్కడ రాయండి. డౌన్ ట్యూబు అడుగుభాగం ఫోటో ఒకటి, పక్క నుంచి వెలుతురు వేసి తీసినది, జత చేస్తే ఇంకా వివరంగా చెప్పగలను.