ఆసుపత్రిలో రోగి పడిపోతే బాధ్యత ఎవరిది?

హెర్నియా ఆపరేషన్ అయిన మీ నాన్నగారు రాత్రివేళ బాత్‌రూముకు లేచి పడిపోయారని, ‘అటెండరుగా మీరు పక్కనే ఉన్నారు కదా’ అని ఆసుపత్రివారు చేతులు దులుపుకొన్నారని రాశారు. పక్కన ఇంటిమనిషి ఉన్నంత మాత్రాన ఆసుపత్రి బాధ్యత తీరిపోదు. అలాగని రోగి పడిన ప్రతిసారీ అది నిర్లక్ష్యమే అని చట్టమూ అనదు. పడే ప్రమాదాన్ని ముందే గుర్తించారా, గుర్తించి చేయవలసినది చేశారా అన్నదే ప్రశ్న.

ఒంగోలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చాలాకాలం నైట్ డ్యూటీలు చేశాను. పొదిలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆడపిల్లను ఇందుకోసం పిలవడమేమిటన్న మొహమాటంతో బెల్లు నొక్కకుండా, ఒక చేత్తో సెలైన్ స్టాండు, మరో చేత్తో పంచె పట్టుకొని వెళ్లి బాత్‌రూము గడప దగ్గర పడ్డారు. తుంటి ఎముక విరిగింది. పగలంతా మందుల షాపుకూ ల్యాబుకూ తిరిగిన కొడుకు కింద చాప మీద ఒళ్లెరగకుండా నిద్రపోతున్నాడు. నిద్రమాత్ర ఇచ్చినట్లు కేస్ షీటులో ఉంది గానీ, లేవవలసివస్తే మమ్మల్ని పిలవమని తండ్రికి గానీ కొడుక్కి గానీ చెప్పినట్లు ఎక్కడా లేదు. ఆసుపత్రి తప్పు అక్కడే ఉందని నేను గట్టిగా నమ్ముతాను. ఇంతకుముందు పడ్డారా, సెలైన్ ఉందా, నడక తడబడుతోందా వంటి ఆరు అంశాలకు మార్కులు వేసి, రోగి పడే ప్రమాదాన్ని అంచనా కట్టే మోర్స్ స్కేలుకు కొద్ది నిమిషాలు చాలు. మొత్తం 45 గానీ అంతకు మించి గానీ వస్తే ప్రమాదం ఎక్కువని సాధారణంగా లెక్కిస్తారు.

అయితే నింద మొత్తం ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టరు మీద వేయడం న్యాయం కాదు. సాధారణ ఆసుపత్రిలో ఐదుగురు రోగులకు ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ మండలి ప్రమాణం చెబుతుండగా, వార్డంతా ఒక్కరికే అప్పగించినది యాజమాన్యం. సిబ్బంది చేసిన తప్పుకు ఆసుపత్రే జవాబుదారీ అనీ, తగిన జాగ్రత్త తీసుకున్నామని చూపవలసినదీ ఆసుపత్రే అనీ సుప్రీంకోర్టు 2004లో సవితా గార్గ్ కేసులో చెప్పింది. నర్సుకు నైతికంగా తప్పించుకోరాని బాధ్యత ఒకటుంది: జరిగిన సమయం, రోగి స్థితి, డాక్టరుకు చెప్పిన వేళ ఉన్నదున్నట్లు రాయడం. తర్వాత దిద్దిన కేస్ షీటు, పడిపోవడం కంటే పెద్ద అపరాధం.

మీరు డబ్బు చెల్లించి వైద్యం పొందారు కనుక, 1995 నాటి సుప్రీంకోర్టు శాంతా తీర్పు ప్రకారం వినియోగదారుల చట్టం మీకు వర్తిస్తుంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. క్రిమినల్ కేసు నిలవాలంటే ఘోరమైన నిర్లక్ష్యం కనపడాలని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో తీర్పు వచ్చింది కనుక, ఆ దారి కష్టమైనది. ముందుగా రికార్డుల కోసం రాతపూర్వకంగా అడగండి, 72 గంటల్లో ఇవ్వాలన్నది నిబంధన. అందులో ఆ రాత్రి నర్సింగ్ నోట్సు, మందుల చార్టు తప్పక చూడండి.