కోబాల్ ఉద్యోగంలో చేరబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,
పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు కోబాల్ ప్రోగ్రామింగ్ భాషలో పనిచేసే ఉద్యోగానికి ఒప్పుకోబోతున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. "ఆ పాత భాష పట్టుకుంటే దీని భవిష్యత్తు ఏం కావాలి? నువ్వే చెప్పి మాన్పించక్కా" అని ఒకటే గొడవ. నాకు ముప్పై ఏళ్లు అన్నం పెట్టిన భాష అది. మాన్పించమంటే నోరు ఎలా వస్తుంది? మన ఇంట్లో ఇంకొకరు ఆ దారిలోకి వస్తున్నారంటే పొంగిపోయాను. పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

నేర్చుకో. 1959లో మొదలైన ఆ భాషకు 2023లో కూడా కొత్త ప్రమాణం వెలువడింది. బ్యాంకులు, బీమా సంస్థలు, పింఛన్లు లెక్కగట్టే కార్యాలయాలు ఇప్పటికీ దానితో పని నడుపుతున్నాయి. వ్యాపార లెక్కల కోసం పుట్టిన భాష, డబ్బును దశాంశాల్లో పైసా తేడా రాకుండా లెక్కించగలదు. మిగతా భాషల్లో మామూలుగా వాడే ఫ్లోటింగ్ పాయింట్ పద్ధతిలో 0.1 లాంటి చిన్న సంఖ్య కూడా కచ్చితంగా ఇమడదు.

అయితే "తెలిసినవాళ్లు తక్కువ, అడిగినంత జీతం ఇస్తారు" అనే మాట నమ్మి వెళ్లకు. 2020 ఏప్రిల్‌లో నిరుద్యోగ భృతి దరఖాస్తులు ఒక్కసారిగా వచ్చి పడినప్పుడు, కోబాల్ తెలిసినవాళ్లు కావాలని అమెరికాలో న్యూజెర్సీ గవర్నర్ బహిరంగంగా అడిగారు. ఆ వార్త అందరికీ గుర్తుంది. ఆయన పిలిచింది స్వచ్ఛందంగా వచ్చి సాయపడేవాళ్లనని ఎవరికీ గుర్తులేదు.

భాష వ్యాకరణం కొన్ని వారాల్లో పట్టుబడుతుంది. రాసిన కోడ్‌ను కంప్యూటర్ నడపగలిగేలా మార్చే కంపైలర్ ఒకటి, గ్నూకోబాల్, ఉచితంగా దొరుకుతుంది, ఇప్పుడే మొదలుపెట్టు. మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్లలో ఏ ప్రోగ్రామ్ ఎలా నడవాలో చెప్పే జేసీఎల్, డేటా దాచే డీబీ2, లావాదేవీలు నడిపే సీఐసీఎస్ కూడా వచ్చి తీరాలి. జావానో పైథానో ఇప్పుడు వచ్చినదాన్ని వదిలిపెట్టకు.

ఇక అసలు సంగతి. చేరిన రెండో ఏడాది ఒక వడ్డీ ప్రోగ్రామ్‌లో చిన్న మార్పు నాకు అప్పగించారు. ఖాతాలో నిల్వ కనీస మొత్తం కంటే తక్కువ ఉంటే జరిమానా గుర్తు పెట్టాలి, ఆ తర్వాత అన్ని ఖాతాలకూ వడ్డీ కలపాలి. ఆ పాత కోడ్‌లో, "ఇలా ఉంటే ఇది చెయ్యి" అనే ఇఫ్ షరతు అయిపోయిందని చెప్పే ఎండ్-ఇఫ్ లేదు. ఇఫ్ ఎక్కడ ముగుస్తుందో ఫుల్‌స్టాప్ ఒక్కటే చెబుతుంది. నా మార్పు పూర్తయ్యాక, కోడ్ చూడముచ్చటగా ఉండాలని జరిమానా వాక్యాన్ని నాలుగు ఖాళీలు కుడికి జరిపాను. ఎవరూ అడగలేదు. ఆ వరుసలో 69వ కాలమ్‌లో, అంటే 69వ అక్షరం చోట, ఉన్న ఫుల్‌స్టాప్ 73కి చేరింది.

72వ కాలమ్ దాటితే కంపైలర్ చూడదు. అట్టకార్డులకు రంధ్రాలు పొడిచి ప్రోగ్రామ్ రాసే పంచ్‌కార్డుల రోజుల్లో ఆ చివరి ఎనిమిది కాలమ్‌లు కార్డుల గుర్తింపు కోసం కేటాయించిన చోటు. చుక్క తెర మీద నాకు కనిపిస్తూనే ఉంది, కంపైలర్‌కు మాత్రం లేదు. కాబట్టి వడ్డీ కలిపే వాక్యం కూడా ఇఫ్ కిందికే వెళ్లిపోయింది. కనీస నిల్వ లేనివాళ్లకు వడ్డీ పడింది, ఉన్నవాళ్లకు పడలేదు. ఒక్క హెచ్చరిక రాలేదు. నేను పరీక్షించింది మూడు ఖాతాలతో. జరిమానా పడుతుందో లేదో చూడాలన్న ధ్యాసలో మూడింటిలోనూ తక్కువ నిల్వే పెట్టాను. అన్నీ సరిగ్గా వచ్చాయి.

మర్నాడు ఉదయం మొత్తం వడ్డీ సరిపోలేదు. మధ్యాహ్నం దాకా తర్కమంతా తిరగేశాను, తప్పు దొరకలేదు. చివరికి మా సీనియర్ వచ్చి, ప్రింటు తీసిన కాగితం మీద 72వ కాలమ్ పక్కన స్కేలు నిలువుగా పెట్టారు. స్కేలుకు అవతల ఒకే ఒక్క చుక్క మిగిలింది. ఆయన ఒక్క మాట అనలేదు. పెన్సిల్ నా చేతికిచ్చి, "దాని చుట్టూ సున్నా చుట్టు" అన్నారు. చెయ్యి వణికింది. టేపుల నుంచి పాత ఫైళ్లు తెచ్చి మళ్లీ నడిపేసరికి తెల్లవారింది. ఆ రాత్రంతా ఆయన నాతోనే కూర్చున్నారు.

మొన్న నీ ప్రాజెక్టు చూపిస్తూ "టెస్టులన్నీ పాసయ్యాయి పెద్దమ్మా" అన్నావు చూడు, నాకు ఆ మూడు ఖాతాలే కళ్ల ముందు మెదిలాయి. అందులో తప్పుడు డేటా ఒక్కటైనా ఇచ్చావా? ఇవ్వలేదు. అప్పుడే అడగాల్సింది, నీ ముఖంలో సంతోషం చూసి ఊరుకున్నాను. అలా ఊరుకోవడం నా తప్పు. ఇకమీదట నీ ప్రోగ్రామ్ పని చేయకూడని సందర్భాలు ముందు రాసుకుని, ఆ తర్వాతే నాకు చూపించు.

నా మరో భయం కూడా చెబుతాను. మా సీనియర్ వెళ్లిపోయాక ఆ వడ్డీ ప్రోగ్రామ్ తెలిసింది నేనొక్కదాన్నే. మొదట గర్వపడ్డాను. తర్వాత సెలవు పెట్టినా ఫోన్లే, వేరే ప్రాజెక్టుకు వెళతానంటే "మీరు లేకపోతే ఎలా?" అనడమే. తొమ్మిదేళ్లు అక్కడే ఉండిపోయాను. నీకు తెలిసినదంతా వారం వారం రాసి పెట్టు, పక్కవాళ్లకు నేర్పు. నీ స్థానం పోతుందేమోనని దాచుకోవద్దు తల్లీ.

ఒకే ప్రాజెక్టులో ఇన్నేళ్లు ఉండాలన్న షరతు ఆ నియామక పత్రంలో ఉందేమో చూడు. చిన్న అక్షరాల్లో ఉన్నది కూడా. సంతకం పెట్టకముందు ఫోన్ చేసి, మొదటి పేజీ నుంచి నాకు చదివి వినిపించు. ఎంతసేపైనా వింటాను. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

ప్రేమతో,
పెద్దమ్మ