పాప ఫొటోలకు పాతికవేలు కట్టాలా?

ప్రశ్న: నమస్కారమండీ. మేము పెరంబూర్‌లో ఉంటాం. మా పాపకు ఐదున్నర ఏళ్లు. గత నెల ఒక షాపింగ్ మాల్‌లో ఇద్దరు మమ్మల్ని ఆపి, పాప ముఖం ప్రకటనలకు చక్కగా సరిపోతుందని, తమ సంస్థలో చేరిస్తే అవకాశాలు ఖాయమని చెప్పారు. పోర్ట్‌ఫోలియోకు, అంటే ఫొటోల ఆల్బమ్‌కు, 25,000 రూపాయలట. 5,000 అడ్వాన్సు కట్టేశాను. మావారికి ఇది ఇష్టం లేదు. పాపకు అద్దం ముందు ముస్తాబు సరదా. కొత్తవాళ్లు పలకరిస్తే మాత్రం నా కొంగు చాటుకు వెళ్లిపోతుంది. మిగిలింది కట్టమంటారా? అసలు ఈ రంగంలోకి ఎలా వెళ్లాలి?
– ఒక తల్లి, చెన్నై

జవాబు: మిగిలిన 20,000 కట్టకండమ్మా. ముందు ఆ మాట చెప్పేస్తే నా మనసు కుదుటపడుతుంది.

వడపళని, సాలిగ్రామం స్టూడియోల్లో ప్రకటనల చిత్రీకరణకు వచ్చే పిల్లల్ని చూసుకోవడమే ఇరవై ఆరేళ్లు నా పని. పిల్లను ఎంచుకునేది దర్శకుడు, ప్రకటన ఇచ్చే కంపెనీ. మధ్యవర్తిగా ఉండే కో-ఆర్డినేటర్ ఫొటోలు పంపుతాడు, ఆడిషన్‌కు పిలుస్తాడు, పని కుదిరితే పారితోషికంలో కమిషన్ తీసుకుంటాడు. ఎంపిక తన చేతిలో లేనివాడు అవకాశం ఖాయమని ఎలా అంటాడు? పైగా డబ్బు ముందే చేతికొస్తే, పాపకు పని దొరికినా దొరక్కపోయినా అతనికి ఒకటే.

ఫొటోలు మీ ఫోనుతోనే తీయండి. పొద్దున కిటికీ వెలుతురులో, బొమ్మలు లేని గోడ ముందు, పౌడరూ కాటుకా లేకుండా. నవ్వుతూ ఒకటి, మామూలుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, నిలువెత్తున ఒకటి. పేరు, వయసు చెప్పే అరనిమిషం వీడియో. ఎత్తు, గౌను సైజు, చెప్పుల సైజు రాసి పెట్టుకోండి. మూడు నాలుగు నెలలకోసారి మళ్లీ తీయాలి. ఈ వయసులో ముఖం అంత త్వరగా మారిపోతుంది, రేపో మాపో పాలపళ్లు ఊడటం మొదలవుతుంది. పాతికవేల ఆల్బమ్ అప్పుడు ఎందుకు పనికొస్తుంది? పాపకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం వచ్చి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పండి. ఒకే ప్రకటనను రెండు భాషల్లోనూ తీసేటప్పుడు అలాంటి పిల్లల కోసం వెతుకుతారు.

ఇక మీ పాప కొంగు చాటుకు వెళ్లడం. నన్ను ఆలోచనలో పడేసింది అదే. అద్దం ముందు ముస్తాబు వేరు, చిత్రీకరణ వేరు. ఒక దీపావళి ముందు పట్టుపరికిణీల ప్రకటనకు ఆరేళ్ల పాప వచ్చింది. జాకెట్టు రెండు సైజులు పెద్దది. వీపు వెనక మడతపెట్టి కాగితాలకు పెట్టే ఇనుప క్లిప్పులు బిగించారు. ముందు నుంచి చూస్తే చక్కగా అమరింది. జరీ అంచు మాత్రం మెడకు ఒరుసుకుని ఎర్రని గీత పడింది. ఆ పిల్ల ఏడవలేదు, ఎవరికీ చెప్పలేదు. కెమెరా పక్కన నిలబడి "నవ్వు కన్నా, ఇంకొంచెం నవ్వు" అంటున్న తల్లి వైపే చూస్తూ నవ్వింది. మధ్యాహ్నం బట్టలు మార్చేటప్పుడు నేను ఆ గీత చూశాను. పాత నూలు చీర ముక్క చింపి మెడ లోపల కుట్టి ఇచ్చాను. చిన్నపిల్లలు అమ్మ కోసం ఎంత ఓర్చుకుంటారో ఆ రోజు నాకు అర్థమైంది. ఇప్పటికీ ఆ గీత నా కళ్లముందే ఉంటుంది.

అందుకే ఒక నెల ఆగి చూడమంటాను. పాప పొరుగింటి వాళ్లతో, మీరు పక్కన లేకుండా, అరగంట మాట్లాడగలదా? చెప్పిన చోట కూర్చుని, చెప్పిన పనే పదిసార్లు చేయగలదా? చేయలేకపోతే అందులో తప్పేమీ లేదు, ఇంకో ఏడాదికి చూడవచ్చు. మీవారి అభ్యంతరం కూడా బహుశా ఇదే అయి ఉంటుంది, కూర్చుని అడగండి.

పని వస్తే చట్టం సంగతి తెలిసి ఉండాలి. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు, 2017లో నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం పిల్లల చేత రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు, విశ్రాంతి ఇవ్వకుండా 3 గంటలు దాటకూడదు. నిర్మాత ముందుగా జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. అయిదుగురు పిల్లలకు కనీసం ఒక బాధ్యుడు ఉండాలి. సంపాదనలో కనీసం 20 శాతం జాతీయం చేసిన బ్యాంకులో పాప పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి, అది మేజరయ్యాక ఆమెకే చెందుతుంది. అనుమతి కాగితం చూపించమని అడగడానికి మొహమాటపడకండి. ఆ ప్రకటన ఎన్నాళ్లు వాడతారు, టీవీలోనా, హోర్డింగుల మీదా, ఫోన్లలోనా అన్నది ఒప్పందంలో రాయించుకోండి. డబ్బు రావడానికి రెండు మూడు నెలలు పట్టడం మామూలే.

మీరు కట్టిన 5,000 సంగతి. రసీదు దగ్గర పెట్టుకుని, పోర్ట్‌ఫోలియో వద్దని, డబ్బు వెనక్కి ఇవ్వమని, పాప ఫొటోలేమైనా తీసి ఉంటే తొలగించమని ఈ వారంలోనే రాతపూర్వకంగా పంపండి. ఫోనులో చెప్పి ఊరుకోకండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. రసీదు ఇవ్వకపోతే డబ్బు యూపీఐలో పంపి ఉంటే ఆ వివరాలు చాలు, వాటి ప్రింటు తీసి పెట్టుకోండి.