ఆలెండేల్‌లో కొలిమి ఒకచోట, చిమ్నీలు ఇంకోచోట ఎందుకున్నాయి?

ఉత్తర ఇంగ్లండ్ పెన్నైన్ కొండల్లోని ఆలెండేల్‌లో సీసం కరిగించిన కొలిమి లోయలో ఉంటే, చిమ్నీలు సుమారు 4 కిలోమీటర్ల దూరాన కొండబీడు మీద ఉన్నాయి. విషపు పొగ ఊరికి దూరంగా పోవాలన్నది ఒక కారణం. అంతకన్నా పెద్దది డబ్బు. సీసం తీసే ముడి ఖనిజం గెలీనా; అది స్వచ్ఛంగా ఉంటే అందులో 86 శాతానికి పైగా సీసమే. కొలిమి వేడికి అందులో కొంత ఆవిరై పొగతో లేచిపోతుంది. కొలిమి నుంచి చిమ్నీల దాకా నేలబారుగా కట్టిన రాతి గొట్టంలో అంత దూరం పాకేసరికి పొగ చల్లారి సీసం, కాస్త వెండి గోడలకు మసిలా పట్టేవి. మనుషులు లోపలికి దూరి దాన్ని గీకి తెచ్చి, మళ్లీ కరిగించేవారు. ఒంటికి ఇంత చేటైన పని మరొకటి లేదేమో.