జ్వరంతో పాటు ఒంటి మీద ఎర్ర మచ్చలు: డెంగీ కాదంటే మరేమిటి?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా. మా వారికి 46 ఏళ్లు, రోజంతా మామిడి తోటలోనే పని. ఆరు రోజులుగా జ్వరం, విపరీతమైన తలనొప్పి. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు నాలుగు రోజులు ఇంజెక్షన్లు చేసినా తగ్గలేదు. నిన్నటి నుంచి ఛాతీ, పొట్ట మీద ఎర్రటి మచ్చలు కనిపిస్తున్నాయి, దురద లేదు. ఈ రోజు చేసిన డెంగీ ఎన్‌ఎస్1 పరీక్షలో నెగెటివ్ వచ్చింది. ప్లేట్‌లెట్లు 90 వేలు ఉన్నాయి. అమ్మవారు పోసిందని, మందులు మానేయమని మా అత్తగారు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఇంకా ఇంటి దగ్గరే ఉండి చూద్దామనుకోవద్దు. రేపు ఉదయమే ఆయనను జనరల్ మెడిసిన్ డాక్టరు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆటలమ్మ అయితే నీటి పొక్కులు వస్తాయి, కొత్తవీ మాడినవీ పక్కపక్కనే కనిపిస్తాయి. మీరు రాసినవి నీరు లేని ఎర్ర మచ్చలు.

డెంగీ లేదని అప్పుడే తేల్చేయలేం. ఎన్‌ఎస్1 పరీక్ష మొదటి అయిదు రోజుల్లోనే బాగా పనికొస్తుంది, ఆ తర్వాత రక్తంలో యాంటీబాడీలను చూసే ఐజీఎం పరీక్ష చేయించాలి. అయితే తోట పని, తీవ్రమైన తలనొప్పి, అయిదో రోజున ఛాతీ మీద మొదలైన దద్దు, తగ్గిన ప్లేట్‌లెట్లు, ఇవన్నీ కలిపి చూస్తే నాకు స్క్రబ్ టైఫస్ అనుమానం బలంగా ఉంది. గడ్డిలో, పొదల్లో ఉండే, కంటికి సరిగా ఆనని ఒక రకం నల్లి (మైట్) పిల్లలు కుట్టడం వల్ల వచ్చే ఈ జ్వరం మీ చిత్తూరు, తిరుపతి ప్రాంతాలకు కొత్త కాదు.

ఈ రాత్రే మంచి వెలుతురులో ఆయన ఒళ్లంతా చూడండి. చంకలు, గజ్జలు, నడుము దగ్గర పంచె కట్టు బిగుసుకునే చోటు, చెవుల వెనుక, మోకాళ్ల వెనుక ఏదీ వదలవద్దు. సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు, దాని చుట్టూ ఎర్రటి అంచు ఉంటే అది పురుగు కుట్టిన చోటు. నొప్పి గానీ దురద గానీ ఉండదు కాబట్టి రోగికే ఆ సంగతి తెలియదు. చొక్కా పైకెత్తి ఛాతీ మాత్రమే చూసి పంపేయడం వల్ల ఈ నల్ల మచ్చ ఎందరిలోనో దొరకకుండా పోతోందన్నది నా బాధ. అయితే ఆ నల్ల మచ్చ కనబడనంత మాత్రాన జబ్బు లేదనుకోవద్దు, అది అందరికీ ఉండదు.

జ్వరాలకు తరచుగా వేసే సెఫ్ట్రియాక్సోన్ వంటి ఇంజెక్షన్లు స్క్రబ్ టైఫస్ మీద పనిచేయవు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెడితే మాత్రం సాధారణంగా రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. అనుమానం గట్టిగా ఉన్నప్పుడు స్క్రబ్ టైఫస్ ఐజీఎం ఫలితం కోసం ఆగకుండా డాక్టర్లు ఆ మందు ప్రారంభిస్తారు, ఎందుకంటే ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతినవచ్చు. మీరుగా కొని వేయకండి.

గడచిన రెండు నెలల్లో ఆయన మూర్ఛకో, యూరిక్ యాసిడ్‌కో కొత్త మాత్రలు మొదలుపెట్టి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. ఆ మందులు పడకపోయినా జ్వరమూ దద్దూ కలిసి వస్తాయి. నోట్లో పుండ్లు పడినా, చర్మం ఊడుతున్నా అది మరీ ప్రమాదకరం.

గాజు గ్లాసుతో నొక్కినా రంగు మాయని ఊదా మచ్చలు, ఆయాసం, మాట తడబాటు, ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, రక్తస్రావం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. అంతవరకు జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే ఇవ్వండి, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు. జ్వరం మొదలైన తేదీ, మచ్చలు కనిపించిన తేదీ, ఆర్‌ఎంపీ డాక్టరు చేసిన ఇంజెక్షన్ల పేర్లు ఒక కాగితం మీద రాసి వెంట తీసుకెళ్లండి.