గడప దాటని పిల్లికి ఏటా టీకాలు వేయించాలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. కొబ్బరితోట, రెండు ముర్రా గేదెలు ఉన్నాయి. మా అమ్మాయి హైదరాబాద్ నుంచి తెచ్చిన పర్షియన్ పిల్లి ఇంట్లోనే ఉంటుంది, గడప దాటదు. ఇప్పుడు దానికి రెండేళ్లు. రెండో నెలలో ఒకటి, మూడో నెలలో ఒకటి మూడు జబ్బుల టీకా వేయించారట. తర్వాత ఏమీ లేదు. బయటకు పోని పిల్లికి కూడా ఏటా సూదులు అవసరమా? కుక్కలకు వేసే రేబిస్ టీకా దీనికీ పనికొస్తుందా?
– ఒక రైతు, కోనసీమ

జవాబు: రేబిస్ టీకా ఏటా వేయించాల్సిందే. మిగతావి ఏటా అక్కర్లేదు. అయితే మీ పిల్లికి చిన్నప్పటి కోర్సు సగంలో ఆగిపోయింది కనుక ముందు అది పూర్తి చేయించండి.

‘గడప దాటదు’ అన్నారు. పట్నంలో అయిదో అంతస్తులో, కిటికీలకు దోమల జాలీ ఉన్న ఇంట్లో పిల్లి గురించి ఆ మాట అంటే ఒప్పుకుంటాను. మన పెంకుటిళ్ల సంగతి మీకు తెలియనిది కాదు. మీ పిల్లి దిగకపోయినా ఊళ్లో గండుపిల్లి పెంకుల మీద నుంచి అటక మీదికి దిగుతుంది. తోటలోంచి ముంగిస పెరట్లోకొస్తుంది. వసారాలో అన్నం మెతుకుల కోసం వీధికుక్క తిరుగుతూనే ఉంటుంది. వీటిలో దేనికి రేబిస్ ఉన్నా ఒక్క కాటు చాలు. రేబిస్ సోకిన పిల్లి చీకటి మూలల్లో దాక్కుని, దగ్గరికి వెళ్లినవాళ్ల మీదికి ఒక్కసారిగా దూకి కరుస్తుంది. లక్షణాలు బయటపడ్డాక పశువుకైనా మనిషికైనా ప్రాణం నిలవడం దాదాపు అసాధ్యం. అందుకే ఈ ఒక్క టీకా విషయంలో బేరం లేదంటాను.

రెండో ప్రశ్నకు జవాబు: పనికొస్తుంది. కుక్కలకు వేసే రేబిస్ టీకాలు చాలావరకు పిల్లులకూ వేసేవే, సీసా మీద పిల్లి పేరు ఉందో లేదో ఒకసారి చూసుకోండి. మొదటిసారి మూడు నెలలు నిండాక వేస్తారు. మీ పిల్లికి రెండేళ్లు కాబట్టి ఇప్పుడు ఒకటి, ఏడాదికి మరొకటి, ఆపైన ఏటా. కుక్కలకు పార్వో, డిస్టెంపర్ వంటివాటికి కలిపి వేసే టీకాలు మాత్రం పిల్లికి వేయించకండి. అవి కుక్కల కోసం తయారైనవి.

ఇక మూడు జబ్బుల టీకా. ఇందులో పిల్లుల పార్వో, జలుబు తెచ్చే హెర్పిస్, నోట్లో పుండ్లు పుట్టించే కాలిసీ వైరస్‌లకు రక్షణ ఉంటుంది. మూడింటిలో ప్రాణాంతకమైనది పార్వోయే. పిల్లి గడప దాటకపోయినా ఈ వైరస్ మీ చెప్పులకు అంటుకుని లోపలికి వస్తుంది. మకాంలో గడ్డిమేటు సందున ఈనిన వీధిపిల్లికి ఈ జబ్బు ఉంటే, మీరు గేదెలకు గడ్డి వేసి అదే చెప్పులతో వసారాలోకి వస్తే చాలు. బయట నేల మీద, చెక్క మీద ఏడాది దాకా బతికుండే వైరస్ ఇది. సబ్బుకు, ఫినాయిలుకు తేలిగ్గా లొంగదు, బ్లీచింగ్ నీళ్లకు లొంగుతుంది. జబ్బు పడ్డ పిల్లి తిండి మానేసి వాంతులు చేసుకుంటుంది. నీళ్లగిన్నె మీద తల వేలాడేసి కూర్చుంటుంది గానీ గుటక వేయదు. ఆ దృశ్యం కనిపిస్తే రేపు చూద్దామనుకోకండి.

మీ అమ్మాయి వేయించిన రెండు డోసులు ఎందుకు చాలవంటే, పిల్లకూనకు తల్లిపాలతో వచ్చిన రక్షణ మొదట్లో టీకాను పని చేయనివ్వదు. అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో కూనలో ఒక్కో తీరు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి వేస్తూ, చివరి డోసు 16 వారాలు నిండాక పడేలా చూస్తారు. మీ పిల్లికి మూడో నెలలోనే ఆపేశారు. ఇప్పుడు ఒక డోసు, మూడు నాలుగు వారాలకు మరో డోసు, ఏడాదికి ఒకటి వేయిస్తే తర్వాత మూడేళ్లకొకసారి చాలు. ఇంట్లో ఉండే ఆరోగ్యమైన పెద్ద పిల్లికి దీన్ని కూడా ఏటా పొడవాలంటే నేను ఒప్పుకోను. పిల్లుల్లో సూది వేసిన చోట చాలా అరుదుగానైనా క్యాన్సర్ గడ్డ పుడుతుంది, అవసరం లేని సూది ఎందుకు? మెడ వెనక కాకుండా కాలి కింది భాగంలో వేయమని డాక్టరు గారిని అడగండి. చిన్న గడ్డ కట్టి కొద్ది రోజుల్లో కరిగిపోవడం మామూలే. అది మూడు నెలలైనా పోకపోయినా, రెండు సెంటీమీటర్లు దాటినా, నెల తర్వాత ఇంకా పెరుగుతున్నా చూపించాలి.

ఆడపిల్లి అయితే చూలుతో ఉందేమో ముందే చెప్పండి. చూలు పిల్లికి బతికున్న వైరస్‌తో చేసిన టీకా వేస్తే కూనల మెదడు దెబ్బతిని తూలుతూ పుడతాయి. జ్వరం, విరేచనాలు ఉన్నప్పుడూ వాయిదా వేయాలి. నట్టల మందు వారం పది రోజుల ముందు పట్టించడం మంచిది. టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, గడ్డ కట్టకూడదు. టౌనులో కొని మీరే తెస్తే ఐస్ ముక్కలు వేసిన ఫ్లాస్కులో, సీసా ఐసుకు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి తీసుకురండి. చొక్కా జేబులో తెచ్చిన టీకా నీళ్లతో సమానం. వేయించాక అరగంట అక్కడే కూర్చోండి, ముఖం వాచినా వాంతులైనా డాక్టరు దగ్గరే ఉంటారు.

ఏటా జులై 6న, పాశ్చర్ 1885లో తొలిసారి ఒక కుర్రాడికి రేబిస్ టీకా వేసిన రోజున, పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు జంతువులకు ఈ టీకా ఉచితంగా వేస్తుంటారు. మీ పిల్లికి ఇప్పటికే ఆలస్యమైంది కాబట్టి ఆ తేదీ కోసం ఆగకండి.

టీకా వేయించిన పిల్లే కదా అని కాటును తేలిగ్గా తీసుకోవద్దు. పిల్లలను కరిచినా, రక్తం వచ్చేలా గీరినా, సబ్బు వేసి పారే నీటి కింద 15 నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం పెట్టకండి. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి, పిల్లి టీకా కార్డు అక్కడ చూపించండి. పిల్లిని పది రోజులు కళ్లెదుటే ఉంచండి. ఆ లోపు జబ్బుపడినా చనిపోయినా వెంటనే డాక్టరుకు, పశువుల ఆసుపత్రికి తెలపాలి.